బిడ్డ భుజమునకు తగిన సంచి



నేడు మేము చెప్పబోవు విషయము చాల చిన్నది. ఒక లేసు సూది, రెండువందల గ్రాముల నూలుదారము, కొన్ని మధ్యాహ్నముల తీరిక ఉన్నచో ఇంటిలోని పిల్లకు ఒక సంచి అల్లి ఇయ్యవచ్చును. అది ఎట్లో చెప్పుటయే మా ఉద్దేశము. ఇందులో చెప్పుటకు ఏమున్నదని కొందరు అనుకొనవచ్చును. మేమును మొదట అట్లే అనుకొంటిమి. రెండు సంచులు పాడుచేసి మూడవది అల్లిన పిమ్మట గాని ఇందులో నేర్వవలసినది ఉన్నదని మాకు బోధపడలేదు. కావున ముందు మా పొరపాట్లను చెప్పి, తరువాత పద్ధతిని చెప్పుదుము.

మా నివాసము సిద్దిపేట. మా మనుమరాలికి ఆరేండ్లు. ఒకటవ తరగతి చదువుచున్నది. పుస్తకముల సంచి ఉన్నను, అన్నపు డబ్బా, చేతిరుమాలు, రంగుపెన్సిళ్ళు పెట్టుకొనుటకు వేరొక చిన్న సంచి కావలెనని ఒకనాడు అడిగెను. అంగడిలో చూచితిమి. దొరకిన సంచులన్నియు పిల్లకంటె పెద్దవిగా కనబడినవి. బాల్యమున నేర్చిన లేసు అల్లిక చేతిలో ఉండగా కొనుటయెందుకని మేమే పూనుకొంటిమి.

మాకు తెలిసిన అల్లిక బల్లగుడ్డలకు, దిండు గలీబులకు, రేడియోపై కప్పు గుడ్డ అంచులకు వేయునట్టిది. విసనకఱ్ఱ ఆకారపు పూవులు, నడుమ పెద్ద పెద్ద కండ్లు. అదే మాదిరిగా తెల్లని సంచి అల్లితిమి. చూచినవారందరును మెచ్చుకొనిరి. మరునాటి సాయంకాలము పిల్ల కన్నీళ్ళతో ఇల్లు చేరెను. “అవ్వా, నా పెన్సిళ్ళు ఏడనో పడిపోయినయి” అన్నది. సంచి కండ్లలోనుండి ఒక్కొక్కటియే దారిలో జారిపోయినవి.

రెండవ సంచిని కండ్లు లేకుండ దట్టముగా అల్లితిమి. భుజముపై వేసికొనుటకు పొడవైన పట్టీ పెట్టితిమి. అల్లినపుడు పిల్ల నడుము వరకే వచ్చిన సంచి, డబ్బాయు నీళ్ళసీసాయు పెట్టగానే సాగి క్రిందికి దిగినది. “అవ్వా, గీ సంచి నా మోకాళ్ళకు కొట్టుకుంటున్నది” అని పిల్ల దానిని చేతితో ఎత్తి పట్టుకొని నడువసాగెను. సంచి పిల్లను మోయవలసిన శ్రమనుండి తప్పించుటకు మారుగా, పిల్లయే సంచిని కాపాడవలసివచ్చెను.

మా చేతికి నేర్పు లేకపోలేదు. మరి ఎందుకట్లు జరిగినది? ఈ లేసు అల్లిక మన నేలపై పెరిగిన తీరు కొంత తెలిసికొన్నచో దానికి సమాధానము దొరకును.

క్రోషా అను మాట ఫ్రెంచి భాషలోనిది. చిన్న కొక్కెమని దాని అర్థము. పందొమ్మిదవ శతాబ్దమున ఐర్లండు దేశములో బంగాళాదుంప పంట తెగులుతో నశించి ఘోరమైన కరువు వచ్చినపుడు, అచ్చటి పేద కుటుంబములు అనేకము ఈ లేసు అమ్ముకొని బ్రదికినవి. ఆ శతాబ్దముననే క్రైస్తవ మిషనరీల ద్వారా గోదావరి డెల్టాలోని స్త్రీలకు ఈ పని అలవడినది. నరసాపురము, పాలకొల్లు పరిసర గ్రామములలో అది ఇంటింటి పనియైనది. అచ్చట అల్లిన బల్లగుడ్డలు, పళ్ళెముల క్రింది గుడ్డలు ఓడలెక్కి విదేశములకు పోయినవి. 2024లో నరసాపురము క్రోషా లేసునకు భౌగోళిక గుర్తింపు లభించినది.

ఈ కీర్తికి వెనుక ఒక కష్టము కూడ ఉన్నది. మరియా మీస్ అను జర్మను దేశపు సామాజిక శాస్త్రవేత్త నరసాపురము ప్రాంతమునకు వచ్చి ఆ స్త్రీల జీవనమును పరిశీలించి 1982లో ఒక గ్రంథము ప్రకటించెను. ఇంటిపనితో పాటు దినమునకు ఎన్నో గంటలు లేసు అల్లుచున్నను, వారిని పనివారుగా గాక తీరికవేళ కాలక్షేపము చేయు గృహిణులుగానే ఎంచుచుండిరని, అందువలననే వారి కూలి మిక్కిలి తక్కువగా ఉండెనని ఆమె చూపించెను. కొలతయు మాదిరియు ఎక్కడినుండియో వచ్చుచుండెను. అల్లినది ఏ యింటి బల్లపై పరచబడునో అల్లిన చేయి ఎరుగదు.

మేము గోదావరి తీరమున పుట్టినవారము కాము. అయినను మాకు బాల్యమున నేర్పబడిన లేసు ఆ తీరుదే. పరచుటకును చూచుటకును తగిన లేసు అది. బరువు మోయు లేసు కాదు. ఒక పిల్ల పరుగెత్తును, కూర్చుండును, సంచిని నేలపై పడవేయును, అందులో రాళ్ళు కూడ వేసికొనును అను సంగతి ఆ మాదిరులలో లేదు. మేము సంచి అల్లుచున్నామనుకొంటిమి గాని నిజమునకు బల్లగుడ్డనే సంచిగా మడిచితిమి.

ఈ మాటను మా వీధిలోని ఒక వృద్ధ నేతగానితో అన్నపుడు ఆయన నవ్వి, “నేసేటోనికి కట్టుకునేటోళ్ళు కండ్ల ముందర ఉండాలె, అమ్మా” అనెను. సిద్దిపేట నేత సంగతి శ్రోతలకు తెలియనిది కాదు. తలపై కుండ నెత్తుకొని నడచు గొల్లభామ బొమ్మను అదనపు పేక పోగులతో నేయు చీరలు ఈ ఊరి సొత్తు. ఆ గొల్లభామ చీరలకు 2012లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. ఆయన మాట విన్న పిమ్మట మేము సూదిని ప్రక్కకు పెట్టి, కొలత నాడా చేతబట్టి పిల్లను పిలిచితిమి.

ఇక పద్ధతి. మొదట పిల్లను కొలువవలెను. పిల్ల నిటారుగా నిలుచుండగా ఒక భుజముపైనుండి ఛాతీకి అడ్డముగా రెండవ ప్రక్క తుంటి ఎముక వరకు నాడా దించి, వెనుకనుండి మరల భుజమునకు తేవలెను. సంచి అడుగు తుంటి ఎముక దాటి దిగరాదు. వెడల్పు పిల్ల వీపు వెడల్పును మించరాదు. మా మనుమరాలికి సంచి వెడల్పు ఇరువదిరెండు సెంటీమీటర్లు, ఎత్తు ఇరువదియైదు సెంటీమీటర్లు సరిపోయినవి. మీ పిల్లకు మీరే కొలువుడు.

రెండవది దారము. మెత్తని లావు నూలుదారము మేలు. ఊలు మన ఎండలకు పనికిరాదు. నైలాను భుజమును ఒరయును. కొన్న దారమును చిలపలుగా చుట్టి ఒక రాత్రి నీటిలో నానవేసి నీడలో ఆరబెట్టుడు. రంగు దిగునదేమో ముందుగానే తెలియును. కుంచించుకొనవలసినది అప్పుడే కుంచించుకొనును. సూది మూడు లేక మూడున్నర మిల్లీమీటర్లది చాలును. బల్లగుడ్డలకు వాడు సన్నని సూదితో ఈ దారము రాదు.

మూడవది అల్లిక. ఈ సంచికంతకును ఒకే అల్లిక. సూదిని క్రింది కంటిలో గ్రుచ్చి దారమును పైకి లాగినచో సూదిపై రెండు ఉచ్చులుండును. మరల దారము చుట్టి ఆ రెంటి గుండా లాగినచో ఒక పొట్టి అల్లిక పూర్తియగును. దీనిలో పెన్సిలు జారు సందు ఉండదు.

అడుగును గుండ్రముగా మొదలుపెట్టవలెను. దారపు ఉచ్చులో ఆరు పొట్టి అల్లికలు వేసి బిగించుడు. రెండవ చుట్టులో ప్రతి కంటిలోను రెండేసి వేసినచో పన్నెండగును. మూడవ చుట్టులో ఒకటి విడిచి ఒకదానిలో రెండేసి వేసినచో పదునెనిమిది. నాలుగవ చుట్టులో రెండు విడిచి మూడవదానిలో రెండు వేసినచో ఇరువదినాలుగు. ఇట్లు చుట్టునకు ఆరు చొప్పున పెంచుచు పోయినచో అడుగు చదునుగా పరచుకొనును. ఈ లెక్క మరచినచో అల్లికయే చెప్పును. అడుగు గిన్నెవలె లోతుపడినచో కండ్లు తక్కువయినవన్నమాట. వేగిన అప్పడపు అంచువలె అలలుగా లేచినచో కండ్లు ఎక్కువయినవన్నమాట. రెంటిలో ఏది జరిగినను సిగ్గుపడక ఆ చుట్టును విప్పి సరిచేయుడు. ప్రతి చుట్టు మొదట ఒక రంగుదారపు ముక్కను గుర్తుగా ఉంచినచో లెక్క తప్పదు.

పదునైదు చుట్లయిన పిమ్మట తొంబది కండ్లుండును. మా చేతిలో రెండు కండ్లకు ఒక సెంటీమీటరు వచ్చినది. అనగా చుట్టుకొలత నలుబదియైదు సెంటీమీటర్లు. అక్కడనుండి పెంచుట మాని, కంటికి ఒకటి చొప్పున చుట్టుచు పోయినచో గోడ లేచును. ఏబది చుట్లకు ఇరువదియైదు సెంటీమీటర్ల ఎత్తు వచ్చినది. మీ చేతి బిగువు వేరు కావచ్చును. కావున మొదట అరచేయంత ముక్క అల్లి కొలిచి లెక్క వేసికొనుడు.

నాలుగవది అస్తరు. మా రెండవ సంచి సాగుటకు కారణము ఇదే: క్రోషా అల్లిక బరువునకు సాగును. బరువును అల్లికపై వేయక లోపలి గుడ్డపై వేయవలెను. పాత నూలు చీర గుడ్డతో లోపలి సంచి కుట్టి, దానిని పై సంచికంటె ఒక వ్రేలి మందము పొట్టిగా ఉంచినచో బరువు గుడ్డ మోయును, అల్లిక అందము నిచ్చును.

ఐదవది భుజపు పట్టీ. ఇది ఎనిమిది కండ్ల వెడల్పు, అనగా నాలుగు సెంటీమీటర్లు, ఉండవలెను. సన్నని త్రాడు లేత భుజమును కోయును. పట్టీని అల్లిన వెంటనే కుట్టరాదు. సంచికి తాత్కాలికముగా తగిలించి, లోపల ఒక కిలో కందిపప్పు పోసి, ఒక రాత్రి మేకునకు వ్రేలాడదీయుడు. మా పట్టీ తెల్లవారుసరికి నాలుగు వ్రేళ్ళు సాగినది. అప్పుడు పిల్లపై కొలిచి, మిగిలినది విప్పివేసి, వెనుక గట్టి నూలు నాడాను ఒత్తుగా కుట్టి, పట్టీ కొసలను సంచి గోడ వెంబడి నాలుగు సెంటీమీటర్లు క్రిందికి దించి భద్రము చేయుడు.

ఒక హెచ్చరిక. చిన్నపిల్లల సంచికి మూతిని బిగించు పొడవైన త్రాడు పెట్టకుడు. ఆటలో ఎక్కడనైన తగులుకొనవచ్చును, మెడకు చుట్టుకొనవచ్చును. జారుడుబల్ల ఎక్కునపుడు సంచిని తీసి ప్రక్కన పెట్టుట పిల్లకు అలవాటు చేయుడు. మూతికి ఒక పెద్ద బొత్తాము చాలును. మూడేండ్ల లోపు పిల్లలకు అదియు వద్దు, ఊడినచో మ్రింగుదురు. మూతపై మడత యొకటి చాలును.

పని ఎంతకాలము పట్టునని అడుగుదురు. అడుగునకు ఏడువందల ఇరువది, గోడకు నాలుగువేల ఐదువందలు, మొత్తము ఐదువేల రెండువందల ఇరువది అల్లికలు. నిమిషమునకు పది చొప్పున వేసినను దాదాపు తొమ్మిది గంటల పని. ఇందులో పట్టీయు అస్తరును చేరలేదు. నిజమైన క్రోషా అల్లికను యంత్రములు నేటికిని చేయజాలవు. అంగడిలో వ్రేలాడు ప్రతి క్రోషా సంచియు ఎవరో ఒక స్త్రీ చేతితో అల్లినదే. అది మరీ చౌకగా దొరకినపుడు ఆ తొమ్మిది గంటలకు ఆమెకు దక్కినదెంతయని ఒక్కసారి తలచుకొనుడు. మనము ఇంట అల్లుట వలన డబ్బు మిగులునో లేదో గాని, ఆ పని విలువ మాత్రము తెలియును.

మా మూడవ సంచిపై గొల్లభామ కావలెనని పిల్ల కోరెను. ఇది కష్టము కాదు. నేతగాండ్రు బొమ్మను గళ్ళ కాగితముపై వ్రాసికొన్నట్లే, ఒక గడికి ఒక అల్లిక చొప్పున వ్రాసికొని, రెండవ రంగు దారమును వెంట తీసికొనిపోవుచు, నల్లని గడి వచ్చినచోట దానితో అల్లవలెను. అయితే చుట్లు చుట్లుగా అల్లునపుడు ప్రతి చుట్టులోను కన్ను కొంచెము ప్రక్కకు జరుగును. అందువలన బొమ్మ నిటారుగా నిలువదు. మా గొల్లభామయు ఒక ప్రక్కకు ఒరిగినది. విప్పుదుమా అని చూచుచుండగా పిల్ల వచ్చి, “కుండ బరువుకు గొల్లభామ వంగిపోయింది గదా, అవ్వా!” అన్నది.

ఆ మాట మా మనస్సున నాటుకొన్నది. ఆ సాయంకాలము పిల్ల పుస్తకముల సంచిని త్రాసుపై పెట్టి చూచితిమి. మూడు కిలోల పైచిలుకు. పిల్ల బరువు పదునెనిమిది కిలోలు. ఒకటవ, రెండవ తరగతుల పిల్లల సంచి కిలోన్నర మించరాదని 2017లో తెలంగాణ ప్రభుత్వము ఉత్తరువు ఇచ్చినది. 2018లో కేంద్ర ప్రభుత్వమును అదే మాట చెప్పినది. సంచి బరువు పిల్ల బరువులో పదవ వంతును దాటరాదని 2020 నాటి బడిసంచి విధానము నిర్దేశించినది. ఆ లెక్కలలో దేనిని చూచినను మా పిల్ల మోయుచున్నది చాల ఎక్కువ.

తప్పు బడిదని చెప్పుటకు సిద్ధపడితిమి. సంచిని విప్పి ఒక్కొక్కటిగా నేలపై పేర్చి చూడగా నోటమాట రాలేదు. బడి కోరినది అందులో సగమే. మిగిలినదంతయు మేము పెట్టినదే. చలి వేయునేమోయని ఒక స్వెటరు, తడియునేమోయని ఒక గౌను, దప్పిక యగునేమోయని రెండవ నీళ్ళసీసా, ఆకలి వేయునేమోయని రెండవ డబ్బా, ఆనాటి పాఠము కాకున్నను ఉండనిమ్మని రెండు పుస్తకములు. మా భయములనన్నింటిని మూటగట్టి పిల్ల వీపుపై పెట్టితిమి. ప్రేమయే గాని, దాని బరువు మోసినది పిల్ల.

సంచి పెద్దదైన కొలది నింపబుద్ధియగును. చిన్న సంచిలో ఏది ముఖ్యమో ఏరవలసివచ్చును. నాటినుండి మా యింట ఒక నియమము ఏర్పడినది. ప్రతి రాత్రి పాఠముల పట్టికను చూచి పుస్తకములను పిల్లయే ఏరి పెట్టుకొనును. చిన్న సంచిలో ఒక డబ్బా, ఒక చిన్న నీళ్ళసీసా, చేతిరుమాలు, రంగుపెన్సిళ్ళు మాత్రమే. మూత పడనిది ఇంటనే ఉండును. ఇప్పుడు రెండు సంచులును కలిపి కిలోన్నరకు కొంచెము అటు ఇటుగా ఉన్నవి. అల్లిన సంచి ఒంటి భుజమునకు వ్రేలాడునది గనుక అందులో పుస్తకములు పెట్టనీయము. పుస్తకముల సంచిని రెండు పట్టీలును వేసికొని వీపుపై మోయవలెను.

బడికే గాక, సంక్రాంతి తరువాత కొమురవెల్లి మల్లన్న జాతరకు పోయినపుడును పిల్ల ఆ సంచినే భుజమున వేసికొని వచ్చెను. తన వస్తువులు తానే మోయుచున్నానను సంబరము ఆమె నడకలో కనబడినది. మోకాళ్ళకు తగులలేదు. తిరిగివచ్చి చూడగా అందులో రెండు గులకరాళ్ళు, ఒక గాజు ముక్క, కొంచెము పసుపు బండారి, మిగిలిన పేలాలు ఉన్నవి. గాజు ముక్కను తీసివేసి, మిగిలినవి ఆమె సొత్తని విడిచితిమి. బండారి మరక అస్తరునకు పట్టి ఇంకను పోలేదు.

ఆ అస్తరు మా అత్తగారు కట్టి కట్టి చిరిగిన గొల్లభామ చీర కొంగు. బయట మేము అల్లిన ఒరిగిన గొల్లభామ, లోపల నేతగాడు నేసిన నిటారైన గొల్లభామ.

శ్రోతలలో లేసు పని తెలిసినవారు మీ ఇండ్లలో ఎందరో ఉందురు. పెట్టెలలో దాచిన సూదులను వెలికి తీయుడు. మాదిరి పుస్తకము తెరచుటకు ముందు పిల్లను పిలిచి నిలువబెట్టి కొలువుడు. ఏమి మోయునో అడుగుడు. ఎంత మోయగలదో త్రాసుతో చూడుడు. ఆ మీదట మొదటి ఆరు కండ్లు వేయుడు. పిల్ల యేటేట పెరుగును గదా. వచ్చు సంవత్సరము పట్టీని విప్పి మరల కొలిచి కుట్టవలసి యుండును. కావున పట్టీకి సరిపడు దారమును ఒక ఉండగా చుట్టి ఇప్పుడే దాచియుంచుడు. అదే రంగు మరల దొరకదు.

సెలవు.